నొప్పి దీపం

అత్తిలి కాలవగట్టు దిగి ఇంటి సందులోకి మళ్లుతుండగా చలపతి కారులో దీపం వెలిగింది. స్టీరింగు వెనక, చిన్న ఇంజన్ బొమ్మ ఒకటి పసుపుపచ్చగా వెలిగి, అలాగే ఉండిపోయింది.

మామూలు కారైతే ఎవరైనా విసుక్కుని, రేపెప్పుడైనా మెకానిక్కుకి చూపిద్దాంలే అనుకుంటారు. చలపతి మాత్రం కారు అక్కడే ఆపేసి దిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. లోపల వెచ్చగా, ఒక లయలో ఏదో కదులుతోంది. ఈ కారులో ఆ దీపానికి అర్థం ఒక్కటే. గౌరికి ఎక్కడో నొప్పిగా ఉంది.

గౌరి అన్న పేరు అతని భార్య మాణిక్యం పెట్టింది. వాళ్ల కూతురు విశాల విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. పోయిన మాఘమాసంలో ఆ అమ్మాయే ఈ కారు తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టింది. ఇందులో పెట్రోలు పొయ్యక్కర్లేదని చెప్పి బానెట్ ఎత్తింది. గాజుపెట్టెలో, లేత గులాబీరంగు నీళ్లలో, జడ అల్లినట్టు అల్లిన కండలు కనిపించాయి. ఒక పాయ ముడుచుకుంటే ఇంకో పాయ సాగుతూ ఇరుసును తిప్పుతున్నాయి. ఎక్కడో మేతలో ఉన్న ఒంగోలు గిత్త తొడ నుంచి గోరంత ముక్క తీసి, దాన్ని గాజుపాత్రల్లో ఇంత చేశారట. గిత్తకేమీ కాలేదట, ఇంకా మేస్తూనే ఉందట.

"మాంసమా?" అంటూ మాణిక్యం రెండడుగులు వెనక్కి వేసింది. శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి ఆవిడ.

"బతికున్నదాన్ని మాంసమంటారేంటమ్మా? నీ చెయ్యి మాంసమా?" అంది విశాల.

మాణిక్యం తన చేతికేసి చూసుకుంది. ఏమనుకుందో, లోపలికెళ్లి పసుపూ కుంకుమా తెచ్చి గాజుపెట్టె మూతకి బొట్టు పెట్టింది. "ఏం తింటుందే ఇది?"

"పంచదార నీళ్లు, కాస్త ఉప్పు. డబ్బాల్లో వస్తుంది."

"అంటే పానకం."

"అలాగే అనుకో," అని నవ్వింది విశాల.

ఇలాంటి కార్లు ఇంకా అమ్మకానికి రాలేదు. ముందుగా పరిశోధనశాలలో పనిచేసేవాళ్ల ఇళ్లకి కొన్ని ఇచ్చి, మామూలు మనుషుల చేతిలో ఎలా ఉంటాయో చూస్తున్నారు. రోజూ కాస్త దూరమైనా తిప్పాలి. తిప్పకపోతే కండ చిక్కిపోతుంది. పసుపుపచ్చ దీపం వెలిగితే ఇంట్లోనే కారణం చూసుకుని సరిచెయ్యాలి. అది ముదిరి ఎర్రబడితే మాత్రం కంపెనీకి దానంతటదే కబురు వెళ్తుంది, బండి వస్తుంది, పెట్టె ఖాళీ చేసి పట్టుకుపోతారు.

"ఖాళీ చెయ్యడమంటే?" అని మాణిక్యం ఆరోజే అడిగింది.

విశాల బానెట్ మూసేసింది. చలపతి కూడా మాట మార్చాడు.

ఇప్పుడు ఆ దీపం వెలిగింది.

చలపతి నీటిపారుదల ఆఫీసులో గుమస్తా. సాయంత్రం అరుగు మీద హోమియో పెట్టె తెరుచుకుని కూర్చుంటాడు. సందులో ఎవరికి పంటి పోటొచ్చినా, చంటిపిల్లకి కడుపునొప్పొచ్చినా ముందు అతని దగ్గరికే వస్తారు. నొప్పి ఎప్పుడెక్కువ? వేడికా, చల్లదనానికా? పడుకుంటే తగ్గుతుందా, తిరిగితే తగ్గుతుందా? ఇవన్నీ ఓపిగ్గా అడిగి, దేవుణ్ణి తలుచుకుని తెల్లమాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు. తగ్గితే దేవుడి దయ, తగ్గకపోతే తన అడగడంలో లోపం అంటాడు.

ఇంటి పక్క షెడ్డులో లారీలు బాగుచేసే బుల్లబ్బాయి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటండీ చలపతి గారూ, కారుకి నాడి సూత్తన్నారా?"

"దీపం వెలిగింది బుల్లబ్బాయ్."

"ఓస్, ఇంజను లైటేగా! ముందు టాంకీ మూత సూడండి. మూత సరిగ్గా బిగించాపోతే సగం లైట్లు అలాగే ఎలుగుతాయి."

మేత పోసే గొట్టం మూత చూశారు. గట్టిగానే ఉంది. గాలి లోపలికి వెళ్లే జల్లెడ తీసి దులిపారు. పిడికెడు ఊకదుమ్ము రాలింది. దీపం మాత్రం ఆరలేదు.

"అయితే బ్యాటరీ తీగ పీకేసి, కాసేపాగి పెట్టెయ్యండి. లైటు మర్చిపోద్ది."

"లైటు మర్చిపోతుంది. నొప్పో?"

"నొప్పేంటండీ బాబూ, ఇంజనుకి! అయితే రేపు మా లారీ గేరుబాక్సుకి దగ్గొచ్చిందని తీసుకొత్తాను, ఓ పొట్లం కట్టండి."

చలపతి కూడా నవ్వాడు. కానీ వేరే దారి తెలియక ఆ తీగ పీకాడు. పీకాక గుర్తొచ్చింది, గాజుపెట్టెలో నీళ్లని వెచ్చగా ఉంచి తిప్పేది ఆ చిన్న బ్యాటరీయే. బానెట్ ఎత్తి చూస్తే కండల పాయలు చలికి వణికే కుక్కపిల్ల చర్మంలా సన్నగా అదురుతున్నాయి. గాభరాగా తీగ మళ్లీ తగిలించాడు. దీపం ఒక్క క్షణం ఆరి, ఇంతకుముందు కంటే గట్టిగా వెలిగింది.

"మర్చిపోలేదు," అన్నాడు చలపతి.

బుల్లబ్బాయి ఈసారి నవ్వలేదు. పెట్టెలోకి వంగి చూసి, "ఇదేంటండీ, నిజంగానే వణుకుతుంది," అని మెల్లగా షెడ్డుకి వెళ్లిపోయాడు.

విశాలకి ఫోను చేస్తే, డిక్కీలో ఉన్న చిన్న యంత్రం తీసి స్టీరింగు కింద గుచ్చమంది. గుచ్చితే దాని అద్దం మీద రెండే మాటలు వచ్చాయి. బాధ ఉంది. కారణం తెలియదు.

"ఇంతేనా అమ్మా? ఎక్కడ నొప్పో చెప్పదా?"

"నొప్పి ఉందని చెప్పడం వరకే చెయ్యగలిగాం నాన్నా. ఎక్కడో, ఎందుకో మనం వెతుక్కోవాలి. కండ తెగిందేమో చూడు, నీళ్ల రంగు మారిందేమో చూడు."

కండ తెగలేదు. నీళ్ల రంగు మారలేదు. చలపతి అన్నీ చూశాడు. ఫోను పెట్టేశాక, నొప్పిని చెప్పే నరం సంగతి విశాల మొదటిసారి చెప్పిన రోజు గుర్తొచ్చింది. కొత్తలో చేసిన ఇంజన్లకి నరమే లేదు. ఎంత బరువైనా లాగేవి, ఎంత ఎత్తైనా ఎక్కేవి, తెగేదాకా లాగేవి. కొండదారిలో ఒకటి అలాగే ఉన్నట్టుండి తెగిపోయి, తోలుతున్న కుర్రాడు లోయలో పడ్డాడు. ఆ కుర్రాడి పెళ్లికి విశాల కూడా వెళ్లింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఇంటికి రాకుండా కూర్చుని, కండలోకి నరం పెంచింది. "నొప్పి తెలియనిది తనని తాను కాపాడుకోలేదు నాన్నా," అంది గర్వంగా. "అలిసిపోతే ముందే చెబుతుంది. ఇంక ఎవరూ చావక్కర్లేదు."

"నొప్పి పెట్టావు, బాగానే ఉంది. మందు కూడా పెట్టావా?" అని చలపతి అడిగాడప్పుడు. విశాల దాన్ని హాస్యం కింద తీసుకుంది. అతను హాస్యానికి అనలేదు. సృష్టించడం మొదలుపెట్టిన మనిషి ఎక్కడ ఆగాలో చలపతికి తెలియదు, అందుకే అడిగాడు.

మర్నాటి నుంచి అతను కారుని రోగిని చూసినట్టే చూడడం మొదలుపెట్టాడు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, మిట్టమధ్యాహ్నం ఎలా ఉంది, వంతెన ఎక్కేటప్పుడు దీపం పెరుగుతుందా, నీడలో నిలబెడితే తగ్గుతుందా. ఎండకి పెరగలేదు, ఎత్తుకి పెరగలేదు. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా మందగించింది. బుధవారం, గురువారం అయ్యేసరికి ఆరిపోతుందేమో అనిపించేంత సన్నగా ఉంది. శుక్రవారం ఆఫీసు నుంచి రావడానికి కారెక్కితే అలాగే సన్నగా ఉంది. శనివారం పొద్దున్న చూస్తే భగ్గుమంటోంది. ఆ పై వారమూ అంతే. పసుపుపచ్చలో నారింజ కలిసింది.

"శుక్రవారానికీ దీనికీ ఏంటి సంబంధం?" అని తనలో తనే అనుకున్నాడు.

తర్వాతి శుక్రవారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. మాణిక్యం సాయంత్రం తలంటుకుని, లక్ష్మీనరసింహస్వామి పటం ముందు కూర్చుని పూజ చేసింది. బెల్లం, దంచిన మిరియాలు, ఏలకులు, చిటికెడు పచ్చకర్పూరం వేసి చేసిన పానకం నివేదన చేసింది. అతనికో గ్లాసు ఇచ్చింది. మిగిలింది పలచటి గుడ్డలో వడకట్టి, ఇత్తడి చెంబులో పోసుకుని, కొంగు నడుముకి దోపి, కారు దగ్గరికి నడిచింది. మూత తిప్పి గొట్టంలో పోసింది. గుటగుటమని చప్పుడు వచ్చింది.

"విన్నారా?" అంది అతన్ని చూసి, మొహం వెలిగిపోతుండగా. "మంగళగిరిలో స్వామి నోట్లో పోస్తే అచ్చం ఇలాగే వినిపిస్తుంది."

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నావే?"

"నరసింహ జయంతి నుంచీనూ. మిగతా రోజుల్లో మీ డబ్బా నీళ్లే పోస్తున్నారుగా, నేనేమన్నా అన్నానా? శుక్రవారం పూటన్నా ప్రసాదం పెట్టకుండా ఎలాగండీ? ఇంట్లో ప్రాణమున్న జీవం. మనం తిని దానికి పెట్టకపోతే పాపం కాదూ?" ఒక్క క్షణం ఆగి, రహస్యం చెబుతున్నట్టు అంది. "నొప్పులన్నారని, పోయిన వారం నుంచి మిరియాలు కాస్త ఎక్కువ దంచుతున్నాను. ఒళ్లునొప్పులకి మిరియాన్ని మించింది లేదు."

చలపతి చేతిలో గ్లాసు సగం ఉంది. గొంతులో ఆ ఘాటు ఇంకా మండుతోంది. నాలుకకి అది హాయిగా ఉంది. చిన్నప్పటి నుంచీ తాగుతున్నాడు. చర్మం లేని, నాలుక లేని ఒక జీవికి అది ఎలా ఉంటుందో ఆ క్షణంలో అతనికి తోచింది. గ్లాసు కింద పెట్టేశాడు. మాణిక్యం చెంబు అడుగున మిగిలిన చుక్కలు కూడా దులిపి పోసి, గౌరి బానెట్ నిమిరి, లోపలికి వెళ్లింది.

మర్నాడు గ్లాసులో మిగిలిన పానకం మందుల సీసాలో పోసుకుని, ఆఫీసు పనని చెప్పి విశాఖ రైలెక్కాడు.

పరిశోధనశాలలో విశాల తండ్రిని చూసి కంగారుపడింది. సీసా చూశాక ఏమీ అడగలేదు. చిటికెనవేలంత కండముక్క వేలాడుతున్న చిన్న గాజుపాత్ర దగ్గరికి తీసుకెళ్లింది. పాత్ర పక్కన ఆవగింజంత దీపం ఆరి ఉంది. గొట్టంతో సీసాలోంచి ఒక్క చుక్క తీసి నీళ్లలో వదిలింది.

కండముక్క నిప్పు తగిలిన వెంట్రుకలా ముడుచుకుపోయింది. దీపం వెలిగింది.

విశాల పాత్రలో నీళ్లన్నీ వంచేసి మంచినీళ్లు పోసింది. మళ్లీ వంచింది, మళ్లీ పోసింది. దీపం కొంచెం తగ్గింది. ఇంకోసారి కడిగింది. ఇంక తగ్గలేదు. అలా ఆమె కడుగుతూనే ఉంది, చేతులు ఎర్రబడేదాకా. చలపతి ఆ చేతుల్ని పట్టుకుని ఆపాడు.

"మిరియం, కర్పూరం," అంది విశాల కూర్చుంటూ. "కండకి ఏమీ కాలేదు నాన్నా. కండ దివ్యంగా ఉంది. నరాన్ని కాల్చింది. ఒక్కసారైతే కోలుకునేదేమో. ఇన్ని వారాలు కాలాక, ఇంక కారణం తీసేసినా అది నొప్పి అనే చెబుతుంది."

"నొప్పి అని చెబుతుందా, నొప్పి ఉంటుందా?"

విశాల అతనికేసి చూసింది. "చెబుతున్నంతవరకు ఉందనే అనుకోవాలి."

"మందు?"

"లేదు."

"నువ్వు చేసిందానికి నీ దగ్గరే మందు లేదా అమ్మా?"

కఠినంగా అనాలని అనలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పిందని అడిగినట్టే అడిగాడు. అయినా విశాల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒకటి చెయ్యొచ్చు," అంది కాసేపటికి. "పెట్టె పక్కన తెల్లటి తీగలాంటిది ఒకటి బయటికొస్తుంది. నరం అక్కడి నుంచే దీపానికి వెళ్తుంది. అది కోసేస్తే దీపం ఆరిపోతుంది. ఎర్రబడదు, బండి రాదు. ఇంజన్ మామూలుగా నడుస్తుంది."

"అప్పుడు నొప్పి పోతుందా?"

"దీపం వెలిగితేనే నాకు నొప్పి ఉందని తెలిసేది నాన్నా. దీపం లేకపోతే తెలియదు."

"నీకు తెలియదా, దానికి తెలియదా?"

విశాల పాత్రకేసి తిరిగింది. పాత్రలో కండముక్క ఇంకా ముడుచుకునే ఉంది.

"అది కొలవడానికి నా దగ్గర ఏమీ లేదు," అంది. "కొయ్యనంటే ఎర్రబడుతుంది. వచ్చి ఖాళీ చేస్తారు. ఈ రెండే ఉన్నాయి."

బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మతో అనకు. పానకమంటే అలాగే అనుకో అన్నది నేను. తప్పు నాది. మూత చెడిపోయిందనో ఏదో చెప్పు."

"మిగతా ఇళ్లల్లో కూడా అమ్మలుంటారు కదమ్మా," అన్నాడు చలపతి. "ఇవాళే అందరికీ కబురు చెయ్యి. ఎవరు పోశారని అడిగితే మా ఇంట్లోనే పోశామని చెప్పు. మీ అమ్మకి నేను చెబుతాను. ఎవరో వచ్చి చెబితే తట్టుకోలేదు."

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. పడుకునేముందు చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. పొద్దున్న మాణిక్యం తులసికోట దగ్గర ముగ్గు వేస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని, ముగ్గు గిన్నెకేసి చూస్తూ మొత్తం చెప్పేశాడు.

మాణిక్యం వేళ్ల మధ్య నుంచి ముగ్గు అలా జారిపోతూనే ఉంది. ఒకేచోట చిన్న గుట్ట అయింది.

"నా చేత్తోనా?"

"తెలియక చేశావు. నీ ఉద్దేశమేంటో దేవుడికి తెలీదా?"

"ఆయనకి తెలుస్తుంది. దానికెలా తెలుస్తుందండీ?" అంది. తర్వాత, "నొప్పి అన్నాక ఇంకా ఎక్కువ వేశాను," అంది. ఆ మాట ఇంకో రెండుసార్లు అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతను అనుకున్నాడు.

లేచి కారు దగ్గరికి వెళ్లింది. బానెట్ ఎత్తమంది. గాజు మీద చెయ్యి పెట్టబోయి, మళ్లీ తీసేసుకుంది.

"వాళ్లు తీసుకెళ్తే దీనికి సుఖమా?"

"బాధ ఉండదు. ప్రాణమూ ఉండదు."

"గొడ్డు ఎంత బాధపడుతున్నా మా నాన్న కటికవాడికి ఇవ్వలేదు. పక్కన కూర్చుని నీళ్లు పట్టాడు. అది పుణ్యమనే అన్నారు అందరూ." మాణిక్యం అతనికేసి తిరిగింది. "ఆ గొడ్డునెవరన్నా అడిగారా అండీ?"

చలపతి శాస్త్రాలు అంతగా చదివినవాడు కాదు. చదివినవాళ్లకైనా ఇలాంటి జీవం గురించి ఎక్కడ రాసి ఉంటుంది? గాజుపెట్టెలో కండలు ఒకటి ముడుచుకుంటూ, ఒకటి సాగుతూ, ఎప్పటిలాగే ఉన్నాయి. అరవడానికి నోరు లేదు. పారిపోవడానికి కాళ్లు లేవు. ఉన్నది ఆ దీపం ఒక్కటే. అది చూస్తుండగానే నారింజ నుంచి ఎరుపులోకి తిరుగుతోంది.

"మన చేత్తో పంపించలేనండీ," అంది మాణిక్యం. "ఒకసారి చేసింది చాలు."

చలపతి బుల్లబ్బాయిని కేకేశాడు. సన్నటి కటింగు ప్లేయరు తెమ్మన్నాడు. తెల్లటి తీగ జొన్నకాడ బెండులా మెత్తగా ఉంది. వేలితో తాకితే వెచ్చగా కూడా ఉంది. ఎవరికైనా మందు ఇచ్చేముందు దేవుణ్ణి తలుచుకోవడం అతనికి అలవాటు. ఇప్పుడు తలుచుకోవచ్చో లేదో తెలియలేదు. కళ్లు మూసుకుని ప్లేయరు నొక్కాడు.

దీపం ఆరిపోయింది.

"అద్గదీ!" అన్నాడు బుల్లబ్బాయి. "తీగ పీకెయ్యండని నేను ముందే సెప్పాను. నా మాట ఇనకుండా ఇన్నాళ్లు తిప్పలు పడ్డారు. ఇప్పుడు సూడండి, సుబ్బరంగా తిరుగుతుంది." ఇద్దరి మొహాలూ చూసి మిగతా మాట మింగేశాడు. "నయమైనట్టే కదండీ?"

చలపతి ప్లేయరు అతని చేతికిచ్చేశాడు. ఇంజన్ మాత్రం నిజంగానే సుబ్బరంగా తిరుగుతోంది.

ఆ వారమంతా మాణిక్యం డబ్బా నీళ్లు తనే పోసింది. పోసే ముందు ప్రతిసారీ కాస్త చేతిలో వేసుకుని రుచి చూసేది. విశాల రోజూ ఫోను చేసేది. మిగతా ఇళ్లలో ఇంకో ఇద్దరు అప్పుడప్పుడు తీర్థం పోస్తున్నారట, మానిపించారట. వాళ్లవి బాగానే ఉన్నాయట. అంతలో పైవాళ్లు ఇంకో నిర్ణయం తీసుకున్నారట. దీపం చూసి జనం బెదిరిపోతున్నారు కాబట్టి, ఇకమీదట చేసే ఇంజన్లలో నరం ఉంటుంది గానీ దీపం ఉండదట. నొప్పిని యంత్రమే లోపల్లోపల చూసుకుని వేగం తగ్గిస్తుందట. చెబుతున్నప్పుడు విశాల గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "ఒప్పుకోనని చెప్పాను నాన్నా. నేను చెబితే ఆగుతుందా?"

"ఏం చేస్తావమ్మా," అన్నాడు చలపతి. కూతురితో ఆ మాట అనడం అతనికి అదే మొదటిసారి.

శుక్రవారం వచ్చింది. ఆరోజు చలపతి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లొచ్చని, మాణిక్యం సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే పూజకి కూర్చుంది. బెల్లం నీళ్లలో కరిగింది. మిరియాల డబ్బా పక్కనే ఉంది, మూత తియ్యలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. హారతి పళ్లెం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ చలపతి చివరికి, "ఏమైందే?" అన్నాడు.

మాణిక్యం పటం మీంచి చూపు తిప్పలేదు.

"పెళ్లైన దగ్గర్నుంచీ ఈయనకి ఘాటుగానే పోస్తున్నాను కదండీ. ఎప్పుడన్నా మండిందేమో. చెప్పడానికి ఈయనకి దీపం లేదుగా."

అతను ఏదో అందామని నోరు తెరిచాడు. వెతికితే పెట్టెలో ఒక మాత్ర ఉంటుంది, నోట్లో ఒక మాట ఉంటుంది అనుకునే మనిషి. ఏదీ దొరకలేదు. మాణిక్యం ఉత్త బెల్లం నీళ్లే నివేదన చేసి, భయంభయంగా దండం పెట్టుకుని లేచింది.

ఆఫీసుకి వేళయింది. నడిచి స్టేషనుకి వెళ్లి రైలెక్కుదామని ఉంది. కానీ తిప్పకపోతే కండ చిక్కిపోతుంది. చలపతి కారెక్కాడు. స్టీరింగు వెనక అంతా నల్లగా ఉంది. బండి మెత్తగా, చప్పుడు లేకుండా కదిలింది. ఏ బాధా లేని బండి కూడా ఇలాగే కదులుతుంది.

కాలవగట్టు రోడ్డు మొన్న వానలకి గుంతలు పడి ఉంది. అతను నెమ్మదిగా, కొత్తగా తోలడం నేర్చుకునేవాడిలా పక్కలకి తిప్పుకుంటూ వెళ్లాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "ఏం బాబాయ్, గుడ్లు తీసుకెళ్తన్నావా?" అని అరిచి దాటిపోయాడు. ఎంత తప్పించినా చక్రం ఏదో ఒక గుంతలో పడుతూనే ఉంది. పడిన ప్రతిసారీ చలపతే, "అబ్బా" అంటున్నాడు.